మాటకా, పాటకా, సందడికా: లైవ్ మ్యూజిక్ ఉన్న రెస్టారెంట్‌లో సాయంత్రాన్ని ఎంచుకోవడం

"ఈ శనివారం లైవ్ మ్యూజిక్" అని రెస్టారెంట్ వేసే పోస్టర్‌లో అసలు సంగతి ఒక్కటీ ఉండదు. గిటార్ పట్టుకుని ఒక మూల ఒక్కరే కూర్చుని పాడినా లైవ్ మ్యూజిక్కే, డ్రమ్స్‌తో గోడలు అదిరేలా ఆరుగురు వాయించినా లైవ్ మ్యూజిక్కే. మొదటిదనుకుని రెండోదానికి వెళ్తే ఎదురుగా ఉన్న మనిషితో సైగలతో మాట్లాడుకోవాలి. రెండోదనుకుని మొదటిదానికి వెళ్తే, డాన్స్ చేద్దామని తయారై వచ్చిన స్నేహితులు గంట తిరక్కుండానే ఫోన్లు తీస్తారు.

అందుకే ఏ రెస్టారెంట్ అనే ప్రశ్న కంటే ముందు ఎందుకు వెళ్తున్నామో తేల్చుకోవాలి. తీరిగ్గా మాట్లాడుకోవడానికా, పాట వినడానికా, సందడి చేయడానికా? మూడూ ఒకే సాయంత్రంలో దొరకాలంటే అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టే ఉంటుంది. ఒకటి పూర్తిగా, ఇంకొకటి కొసరుగా దొరికితే మంచి సాయంత్రం కిందే లెక్క. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా ఎంపిక చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

## ముందు చూసుకోవాల్సినవి

### చప్పుడు ఎంత?

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే, కానీ ఎవరూ అడగరు. మీటరు దూరంలో కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 డెసిబెల్స్ (చప్పుడును కొలిచే లెక్క) ఉంటుంది. జనంతో నిండిన రెస్టారెంట్ పాట లేకుండానే 75 దాటడం మామూలే. దాని మీద మైకు, స్పీకర్లు వచ్చి చేరతాయి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. ఫ్రెంచ్ వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లో దీని గురించి రాశాడు, అందుకే దీన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. మన టేబుల్ గొంతు పెంచితే పక్క టేబుల్ పెంచుతుంది. హాలంతా గోలగా ఉందని మిక్సర్ (మైకులు, వాద్యాల సౌండ్ సరిచేసే బోర్డు) దగ్గర ఉన్నాయన పాట సౌండ్ ఇంకాస్త పెంచుతాడు. ఎనిమిదింటికి హాయిగా ఉన్న చోటు పదింటికి భరించలేనట్టు అవడం వెనక సగం కారణం ఇదే. కాబట్టి రెస్టారెంట్‌ను మధ్యాహ్నం వెళ్లి చూసి "ప్రశాంతంగా ఉంది" అనుకుంటే పొరపాటే. గచ్చు నేల, అద్దాల గోడలు, ఏ తొడుగూ లేని పైకప్పు ఉన్నాయంటే రాత్రికి అక్కడ మోత ఖాయం. కర్టెన్లు, కార్పెట్, మెత్తటి సోఫాలు ఉంటే కొంత నయం.

చెవుల సంగతి కూడా చూసుకోవాలి. రోజూ చప్పుడులో పనిచేసేవాళ్ల కోసం అమెరికాలో పనిచోట ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ సూచించిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి పడిపోతుంది: 88 దగ్గర 4 గంటలు, 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలే. వేదికల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం సగటు చప్పుడు 100 డెసిబెల్స్ దాటకూడదంటుంది. అది పై హద్దు. హాయిగా భోంచేసే స్థాయి అంతకు చాలా కింద ఉంటుంది. మీటర్లు, యాప్‌లు లేకపోయినా ఫర్వాలేదు, చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషికి వినపడాలంటే అరవాల్సి వస్తే 85 దాటిందని అనుకోవచ్చు.

### టేబుల్ ఎక్కడ?

ఒకే బ్యాండ్‌ను, అదే రాత్రి, రెండు వేరు వేరు టేబుళ్ల నుంచి వింటే రెండు వేరు కచేరీల్లా ఉంటాయి. బ్యాండ్ పేరు చూసి బుక్ చేసేవాళ్లు చాలామంది, టేబుల్ చూసి బుక్ చేసేవాళ్లు తక్కువ. నన్నడిగితే మామూలు బ్యాండ్‌ను మంచి టేబుల్ నుంచి వినడమే మేలు.

స్టేజీకి ఆనుకుని ఉన్న టేబుల్ గొప్పదనుకుంటారు. అక్కడ కూర్చుంటే హాలు కోసం పెట్టిన స్పీకర్ల సౌండ్ మన పక్క నుంచి ముందుకు వెళ్లిపోతుంది. డ్రమ్స్ మోత నేరుగా తగులుతుంది, గొంతు మాత్రం సన్నగా వినపడుతుంది. చూడటానికి బాగుంటుంది, వినడానికి అంతంతమాత్రం. బాగా వినాలంటే మిక్సర్ ఉన్న చోటు చూడండి. సౌండ్ ఇంజనీర్ తన చెవికి బాగుండేలాగే సరిచేస్తాడు కాబట్టి ఆయన పక్క టేబుల్లో కూర్చున్నవాళ్లకూ అదే దక్కుతుంది.

మాట్లాడుకోవాలంటే స్పీకర్లు చూస్తున్న దిక్కుకు పక్కగా, కాస్త వెనగ్గా ఉన్న టేబుల్ అడగాలి. సన్నటి శబ్దాలు స్పీకర్ చూసే వైపే ఎక్కువగా వెళ్తాయి, పక్కకు జరిగితే తగ్గుతాయి. బేస్, అంటే గుండెకు తగిలే బరువైన శబ్దం, మాత్రం అన్ని వైపులా పాకుతుంది. మూలల్లో అది ఇంకా గట్టిపడుతుంది, అందుకే "మూల టేబుల్ ప్రశాంతం" అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఆరుబయట దూరం రెట్టింపైతే చప్పుడు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నాలుగు గోడల మధ్య శబ్దం తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి హాలు చివరికి వెళ్లినా అంత తేడా దొరకదు. బాల్కనీయో, ఆరుబయట కూర్చునే చోటో ఉంటే అడగడం మంచిది.

### టైమ్

సాధారణంగా ఒక్కో సెట్ (విరామం లేకుండా పాడే పాటల వరస) 40 నుంచి 60 నిమిషాలు నడుస్తుంది, మధ్యలో చిన్న విరామం ఉంటుంది. మొదటి సెట్‌లో హాలు సగమే నిండుతుంది, సౌండ్ ఇంకా సర్దుకుంటూ ఉంటుంది, పాటలు మెత్తగా ఉంటాయి. రెండో సెట్‌కు వాయించేవాళ్లు ఊపందుకుంటారు. చివరి సెట్ సందడి కోరుకునేవాళ్లది. "ఎనిమిదింటికి మొదలు" అని పోస్టర్‌లో ఉంటే అది తలుపులు తెరిచే టైమా, మొదటి పాట టైమా అన్నది అడిగి తెలుసుకోవాలి.

### డబ్బు

పాటకు అయ్యే ఖర్చు ఎలాగూ ఎవరో ఒకరు పెట్టుకోవాలి. కొన్ని చోట్ల ప్రవేశం ఉచితం, ఆ ఖర్చు మెనూ ధరల్లోనే కలిసి ఉంటుంది. కొన్ని చోట్ల లోపలికి రావడానికి మనిషికి ఇంత అని కవర్ ఛార్జీ ఉంటుంది. దాన్ని బిల్లులో తగ్గిస్తారా, విడిగా వసూలు చేస్తారా అన్నది ముందే తేల్చుకోకపోతే చివర్లో వాదన తప్పదు. మనిషికి ఇంత ఆర్డర్ చేయాలని కనీస బిల్లు పెట్టేవాళ్లు ఉన్నారు. తక్కువ తినే పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్తే ఈ పద్ధతి భారం. టికెట్ షోల్లో టికెట్ ఒక ఖర్చు, భోజనం ఇంకో ఖర్చు.

## ఏ రకం ఎలా ఉంటుంది

### ఒక్కరే పాడే సాయంత్రం

గిటార్‌తోనో కీబోర్డ్‌తోనో ఒక గొంతు. మాట్లాడుకోవడానికి ఇంతకంటే అనువైనది లేదు. సౌండ్ మొత్తం రెండే నాబుల మీద ఉంటుంది కాబట్టి "కాస్త తగ్గించండి" అని మర్యాదగా అడిగితే నిజంగానే తగ్గుతుంది. పెద్ద బ్యాండ్ విషయంలో ఆ మాట అడిగినా పెద్ద ఫలితం ఉండదు, ఎందుకో కింద చెప్తాను.

ఇక్కడ తేడా అంతా మనిషిని బట్టి ఉంటుంది. తోడు వాయించేవాళ్లు లేరు కాబట్టి గొంతు బాగోకపోతే దాచే దారి లేదు. రెండు గంటలు ఒకే గొంతు, ఒకే వాద్యం వింటే మంచి గాయకుడైనా కొంతసేపటికి ఒకేలా అనిపిస్తాడు. ఇంకో రకం గాయకులు వాద్యం లేకుండా మైనస్ ట్రాక్ (గొంతు తీసేసి వాద్యాలు మాత్రమే ఉన్న రికార్డింగ్) పెట్టుకుని పాడతారు. అది తప్పని అనను గానీ, వాయించేది చూడాలని వెళ్లేవాళ్లకు నిరాశే. బుక్ చేసేటప్పుడు "ట్రాక్ మీద పాడతారా, వాయిస్తూ పాడతారా" అని అడిగేయండి.

### ఇద్దరు ముగ్గురి వాద్య బృందం

పియానో, డబుల్ బేస్, డ్రమ్స్ కలిసిన జాజ్ ట్రియో కావచ్చు, గిటార్, వయొలిన్ జోడీ కావచ్చు, ఒక గొంతుకు గిటార్, కహోన్ తోడుండొచ్చు. కహోన్ అంటే మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె, పెరూలో పుట్టింది. డ్రమ్స్ సెట్ లేకుండా లయ కావాలనుకునే చిన్న హాళ్లకు అది బాగా అతికింది.

నా మొగ్గు ఈ రకం వైపే. వినాలనుకుంటే వినడానికి సరుకు ఉంటుంది, మాట్లాడుకోవాలనుకుంటే పాట అడ్డు రాదు. గొంతు లేని వాద్య సంగీతమైతే మాటలకు ఇంకా వీలు. వింటున్న పాటలో మాటలు ఉంటే మన సంభాషణ నుంచి మనసు అటు లాగుతూనే ఉంటుంది, వాద్యంతో ఆ బాధ ఉండదు. డ్రమ్స్ ఉంటే కర్రలతో వాయిస్తారా, బ్రష్‌లతోనా అన్నది చూడండి. బ్రష్‌లైతే చప్పుడు చాలా తగ్గుతుంది. సాక్సఫోన్ ఉంటే మాత్రం జాగ్రత్త, మైకు లేకుండానే చిన్న హాలును నింపేయగలదు.

లోటు ఒకటే. తెలిసిన పాట వస్తే కలిసి పాడుదామనుకునే గుంపుకు ఇది చప్పగా ఉంటుంది.

### ఫుల్ బ్యాండ్

సందడి కావాలంటే ఇదే. పుట్టినరోజు, ఆఫీసు టీమ్, చాలాకాలానికి కలిసిన స్నేహితులు, వీళ్లందరికీ సరిపోతుంది. అందరికీ తెలిసిన పాటలు, మధ్యలో జనంతో మాటలు, చివర్లో కుర్చీలు పక్కకు జరిపి డాన్స్.

ఇందాక చెప్తానన్న సంగతి ఇక్కడ. మైకులో వచ్చే ప్రతిదాన్నీ మిక్సర్ దగ్గర తగ్గించొచ్చు. కర్రలతో వాయించే అసలు డ్రమ్స్‌ను తగ్గించే నాబ్ లేదు. చిన్న హాల్లో డ్రమ్స్ మైకు లేకుండానే మోగుతాయి, వాటిని దాటి వినపడాలంటే గిటార్, బేస్, గొంతు అన్నీ పెంచాలి. హాలు చప్పుడును చివరికి నిర్ణయించేది డ్రమ్మరే. కొన్ని చోట్ల ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వాడతారు, లేదా డ్రమ్స్ ముందు పారదర్శకమైన అడ్డు పెడతారు. అలాంటి చోటు దొరికితే సౌండ్ గురించి పట్టించుకునే యజమాని అని అర్థం.

హాలు సైజుకు తగిన బ్యాండ్ ఉండటం ముఖ్యం. పెద్ద హాల్లో ఆరుగురి బ్యాండ్ బాగుంటుంది. ఇరవై టేబుళ్లు కూడా లేని చోట అదే బ్యాండ్ పెడితే పాటా సరిగా వినపడదు, భోజనం మీదా మనసు ఉండదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదే.

### టికెట్ షో

ఇక్కడ రెస్టారెంట్ సగం కచేరీ హాలు. కుర్చీలన్నీ స్టేజీ వైపు తిరిగి ఉంటాయి, పాట నడుస్తుంటే మాట్లాడొద్దని ముందే చెప్తారు, చాలాసార్లు సొంతంగా కట్టిన పాటలే పాడతారు. సంగీతం మీద నిజమైన ఇష్టం ఉన్నవాళ్లకు ఇంత దగ్గర నుంచి వినే అవకాశం పెద్ద ఆడిటోరియంలో దొరకదు. వేళ్లు తీగల మీద ఎలా కదులుతున్నాయో కనపడుతుంది.

భోజనం విషయంలో మాత్రం ఆశలు తగ్గించుకోవాలి. అందరూ ఒకేసారి వస్తారు, ఒకేసారి ఆర్డర్ ఇస్తారు, కిచెన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. షో మొదలయ్యాక కొన్ని చోట్ల వేడి వంటలు ఆపేస్తారు. గంట ముందే వెళ్లి మెయిన్ కోర్స్ దాకా కానిచ్చేసి, షో టైమ్‌కు డెజర్ట్, కాఫీ మాత్రం మిగుల్చుకోవడం తెలివైన పని. చీకట్లో ప్లేటు వెతుక్కుంటూ, పాట మధ్యలో చెంచా చప్పుడు చేస్తూ తినడం ఎవరికీ హాయి కాదు.

సంగీతం అంతగా పట్టని మనిషిని మొహమాటపెట్టి ఈ షోకు తీసుకెళ్లకండి. గంటన్నర నోరు మూసుకుని కూర్చోవడం వాళ్లకు శిక్ష, వాళ్లు కదులుతుంటే మీకు టెన్షన్.

### ఓపెన్ మైక్

ఎవరైనా పేరు ఇచ్చి పాడొచ్చు. చాలాచోట్ల ఉచితం, లేదా ఒక డ్రింక్ కొంటే చాలు. ఒకరు అదరగొడతారు, తర్వాతి ఇద్దరు విసిగిస్తారు. మీ స్నేహితుడు పాడుతుంటే తప్పక వెళ్లండి. ముఖ్యమైన అతిథిని పిలిచి భోజనం పెట్టే సాయంత్రానికి మాత్రం వద్దు.

## ఒక్క చూపులో

| రకం | మాట్లాడుకోవడం | పాట వినడం | భోజనం | ఖర్చు పద్ధతి |
|---|---|---|---|---|
| ఒక్కరే పాడటం | హాయిగా | గాయకుణ్ని బట్టి | తీరిగ్గా | ఎక్కువగా ఉచితం |
| చిన్న వాద్య బృందం | వీలవుతుంది | చాలా బాగుంటుంది | తీరిగ్గా | ఉచితం లేదా కవర్ ఛార్జీ |
| ఫుల్ బ్యాండ్ | విరామంలోనే | హాలును బట్టి | మొదటి సెట్ లోపే ముగించాలి | కవర్ ఛార్జీ లేదా కనీస బిల్లు |
| టికెట్ షో | కుదరదు | అన్నిటికంటే బాగుంటుంది | షోకు ముందే | టికెట్, భోజనం విడివిడిగా |
| ఓపెన్ మైక్ | మధ్యమధ్య | చెప్పలేం | మామూలుగా | ఉచితం లేదా ఒక డ్రింక్ |

## ఎవరితో వెళ్తున్నారు?

పెద్దవాళ్లతో. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా సన్నటి శబ్దాల మీద పడుతుంది. ఇంట్లో బాగానే వినపడే నాన్నగారికి రెస్టారెంట్ గోలలో మాటలు కలగాపులగంగా వినిపించడానికి కారణం అదే. ఆయన "సరే సరే" అని తలూపుతున్నారంటే సగం వినపడలేదని అర్థం. ఇలాంటప్పుడు ఒక్కరే పాడే సాయంత్రం, అదీ మొదటి సెట్ చాలు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకునేవాళ్లను స్పీకర్లకు వీపు పెట్టి, మీకు ఎదురుగా కూర్చోబెట్టండి. చాలా హియరింగ్ ఎయిడ్లు ముందు నుంచి వచ్చే మాటను పట్టి వెనక చప్పుడును తగ్గించేలా తయారవుతాయి. ముఖం మీద వెలుతురు పడే టేబుల్ అయితే పెదవులు కూడా కనపడతాయి.

చిన్నపిల్లలతో. ఫుల్ బ్యాండ్‌కు తీసుకెళ్లక తప్పకపోతే పిల్లల సైజు ఇయర్ మఫ్స్ పట్టుకెళ్లండి, స్పీకర్ల వైపు మాత్రం వద్దు. నిజానికి పిల్లలకు చిన్న బృందమే ఇష్టంగా ఉంటుంది, ఏ వాద్యం ఏ చప్పుడు చేస్తోందో వాళ్లకు కనపడుతుంది. విరామంలో దగ్గరికి వెళ్లి అడిగితే చాలామంది కళాకారులు వాద్యం చూపిస్తారు.

ఇద్దరే, ముఖ్యంగా మొదటిసారి కలుస్తుంటే. చిన్న వాద్య బృందం. మాటల మధ్య ఖాళీ వస్తే పాట ఆదుకుంటుంది, మాట దొరికితే పాట పక్కకు తప్పుకుంటుంది. ఎదురెదురుగా కంటే టేబుల్ మూల పక్కపక్కన కూర్చోండి, ఇద్దరి మధ్య దూరం తగ్గితే గొంతు పెంచక్కర్లేదు. టికెట్ షో మూడో నాలుగో కలయికకు దాచుకోవడం మంచిది.

ఆఫీసు టీమ్‌తో. పదిమందికి ఒకే పొడవాటి టేబుల్ వేయించుకుంటే ఆ చివర వాళ్లతో ఈ చివర వాళ్లు రాత్రంతా ఒక్క మాట మాట్లాడలేరు. రెండు గుండ్రటి టేబుళ్లు అడగండి. అసలు పని టీమ్‌ను నవ్వించడమైతే ఫుల్ బ్యాండ్ సరే. కొత్తగా చేరినవాళ్లను పరిచయం చేయడమైతే బ్యాండ్ మొదలవడానికి గంట ముందే కలవాలి, ఆ తర్వాత పరిచయాలు కుదరవు. వ్యాపారం మాట్లాడాల్సిన క్లయింట్‌ను మాత్రం లైవ్ మ్యూజిక్ లేని రోజున పిలవండి.

ఒక్కరే. టికెట్ షోకు ఒంటరిగా వెళ్లడానికి జంకక్కర్లేదు. స్టేజీ కనపడే ఒక్క కుర్చీ చివరి రోజు కూడా దొరుకుతుంది, నలుగురికి టేబుల్ దొరకదు.

## ఇంకా రెండింటి మధ్య ఊగుతుంటే

అదే కళాకారులు వారం మధ్యలో ఒకలా, వారాంతంలో ఇంకోలా వినపడతారు. వారం మధ్యలో జనం తక్కువ, గోల తక్కువ, పాటలు ఎంచుకునే స్వేచ్ఛ వాళ్లకు ఎక్కువ. వీలుంటే వారం మధ్యలో వెళ్లడం దాదాపు ఎప్పుడూ మంచిదే, ఫుల్ బ్యాండ్ ఒక్కటి తప్ప. ఖాళీ హాల్లో ఫుల్ బ్యాండ్ వెలవెలబోతుంది.

రెస్టారెంట్ పెట్టే వీడియోలు నమ్మొద్దు, వాటిలో చాలాసార్లు ఆడియో విడిగా కలుపుతారు. వచ్చినవాళ్లు ఫోన్‌తో తీసిన వీడియోలు వెతికి, పాటను వదిలేసి వెనక జనం గోల వినండి. తీసినవాళ్లు పక్కవాళ్లతో మాట్లాడుతున్న మాట వీడియోలో స్పష్టంగా ఉందంటే అక్కడ మీరూ మాట్లాడుకోగలరు.

తర్వాత ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి: ఆ రోజు ఎంతమంది వాయిస్తారు, డ్రమ్స్ ఉన్నాయా, మొదటి పాట ఎన్నింటికి, కవర్ ఛార్జీ బిల్లులో తగ్గుతుందా. టేబుల్ సంగతి చివర్లో, "మిక్సర్ పక్కన" అనో "స్పీకర్లకు పక్కగా" అనో సూటిగా చెప్పండి. "మంచి టేబుల్" అంటే వాళ్లు స్టేజీ ముందు వేస్తారు. ఫోన్ ఎత్తిన మనిషికి ఈ జవాబులేవీ తెలియకపోతే ఆ రెస్టారెంట్‌లో పాటను ఎంత పట్టించుకుంటారో కూడా తెలిసిపోతుంది.

పాట చీటీ పంపే అలవాటుంటే చివరి సెట్ దాకా ఆగకండి. రెండో సెట్ మొదలయ్యే ముందు విరామంలో ఇస్తే వాళ్లకు స్కేల్ చూసుకునే టైమ్ ఉంటుంది. చీటీతో పాటు కళాకారుడి చేతికి విడిగా ఏమైనా ఇవ్వాలనిపిస్తే అప్పుడే ఇవ్వొచ్చు. బిల్లులో సర్వీస్ ఛార్జీ ఉన్నా అది వాళ్ల దాకా చేరుతుందని అనుకోవద్దు.